పాత వ్యాను, పొడుగు స్క్రూడ్రైవరు

అలారం గడియారం ఐదు నిమిషాలుగా మోగుతూనే ఉంది. దాని పక్కనే పడుకున్న పెద్దమనిషి మాత్రం కుడివైపు తిరిగి హాయిగా నిద్రపోతున్నాడు. వంటింట్లోంచి భార్య వచ్చి, గడియారం నోరు నొక్కి, ఆయన భుజం పట్టుకుని కుదిపింది.

"కుంభకర్ణుడైనా ఈపాటికి లేచి మొహం కడుక్కునేవాడు. లేవండి, అమ్మాయి మీకోసం ఎదురుచూస్తోంది."

ఆయన మెకానిక్. ఇంటిముందున్న రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాపు. పేటలో అందరూ ఆయన్ని డాక్టరు గారనే పిలుస్తారు. కారణం ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు. నడుస్తున్న ఇంజను మీద దాని మొన ఆనించి, కర్రపిడిని ఎడమ చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో ఏది వదులైందో చెప్పేస్తాడు. పిడి ఎప్పుడూ ఎడమ చేతిలోనే, ఎడమ చెవికే. కుడిచెయ్యి యాక్సిలరేటరు తీగ మీద ఉండాలి కదా. ముప్పై ఐదేళ్లుగా అదే వరస.

బల్ల దగ్గర కూతురు చల్లారిపోయిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది. ఇంటివెనక రెండు యంత్రాలతో లాండ్రీ నడుపుతోంది ఆ పిల్ల. నాలుగేళ్ల కష్టానికి ఇన్నాళ్లకి ఒక ఆసుపత్రి ఆర్డరు దొరికింది. ఒకటో తారీకు నుంచి రోజూ పొద్దున్న ఆరింటికల్లా ఉతికిన దుప్పట్లు అక్కడ దిగాలి. రెండుసార్లు ఆలస్యమైతే ఆర్డరు వేరేవాళ్లకి పోతుంది. ఒకటో తారీకు ఇంక తొమ్మిది రోజుల్లో ఉంది, వ్యాను మాత్రం లేదు.

బడి పిల్లల్ని తిప్పే డ్రైవరొకడు తన పాత వ్యాను అమ్ముతానని నిన్న తెచ్చాడు. డాక్టరు గారు నలుగురి ముందూ స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విని, "రాయిలా ఉంది. కొనుక్కో అమ్మడూ," అని తీర్పు చెప్పాడు. ఇవాళ తొమ్మిదింటికి డ్రైవరు డబ్బు కోసం వస్తాడు.

తల్లి వచ్చి భర్తకి కుడిపక్కన కూర్చుంది. ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చునే మనిషి ఈమధ్య ఆ కుర్చీలోకి మారింది. కిటికీ గాలి కోసమట. 'ముసలితనంలో ముచ్చట్లు ఎక్కువయ్యాయి' అని కూతురు ఏడిపించింది కూడా. ఇవాళ ఏడిపించే ఓపిక లేదు.

"నాన్నా, నేను ఆ వ్యాను కొనను."

"ఏం? రంగు నచ్చలేదా?"

"నిన్న సాయంత్రం బక్కోడికి చూపించాను."

బక్కోడంటే ఆయన పాత శిష్యుడు. ఇప్పుడు తూకానికి ఇద్దరుంటాడు, సొంత గ్యారేజీ ఉంది, పేరు మాత్రం మారలేదు.

"నేను చూశాక వాడికి చూపించావా?" ఆయన గొంతు పెరిగింది.

"బ్రేకులు చూడమని, డ్రైవర్నడిగి తీసుకెళ్లాను. ఇంజను వేడెక్కాక వాడే విని చెప్పాడు. కింద బేరింగు కొట్టుకుంటోందట. మూడు నెలల్లో ఎక్కడో రోడ్డుమీద ఇంజను పట్టేసి ఆగిపోతుందట. విప్పి బాగుచేయిస్తే బండి ఖరీదులో సగం అవుతుందన్నాడు."

"స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో నా దగ్గర నేర్చుకున్నవాడు! గురువుకే పంగనామాలు పెడుతున్నాడన్నమాట."

"వాడికేం లాభం నాన్నా? పైసా కూడా తీసుకోలేదు."

"ఏమండీ, మెల్లగా..." అంది తల్లి.

"నువ్వుండు. నా షెడ్డులో నిలబెట్టి నేను బాగుందన్న బండిని వీధి చివర ఇంకొకడికి చూపిస్తే, రేపు నా మొహం ఎవడు చూస్తాడు?"

"నీ మొహం సంగతి సరే, నా సంగతి? పొద్దున్న ఆరింటికి దుప్పట్లు నడిరోడ్డుమీద ఆగిపోతే నెత్తిన పెట్టుకుని మొయ్యనా? ఒక్కటే అడుగుతాను, చెప్పు. నిన్న నీకేం వినపడింది?"

ఆయన చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"ఏ చప్పుడూ లేదు. లేదంటే లేదంతే," అని కుర్చీ వెనక్కి తోసి, షెడ్డులోకి వెళ్లిపోయాడు.

కూతురికి ఒళ్లు మండిపోయింది. వెనకే వెళ్లింది. ఆయన పనిబల్ల మీదకి వంగి ఏదో ముక్కని ఆకురాయితో రాస్తున్నాడు. ఎడమపక్కన నిలబడి, మనసులో ఉన్నదంతా కక్కేసింది.

"నీ పేరు నిలబెట్టుకోవడానికి నన్ను ముంచుతావా? కన్నకూతురికంటే ఆ డాక్టరు బిరుదే ఎక్కువా నీకు? నీ మాట నమ్మడమే నేను చేసిన తప్పు!"

అన్నాక తనకే భయం వేసింది. తండ్రి చెయ్యెత్తినా ఎత్తుతాడనుకుంది. ఆయన మాత్రం ఆకురాయి ఆపనే లేదు. ముక్కని వెలుతురుకేసి పట్టి చూసుకుని, దుమ్ము ఊది, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

మొండితనం అనుకుంది. కోపంతో వెనక్కి తిరగబోతే మోచెయ్యి తగిలి, అరమీది స్పానరు సరిగ్గా ఆయన ఎడమ పక్కనే సిమెంటు నేలమీద ఖంగుమని పడింది. ఈ పిల్ల అదిరిపడింది. ఆయన తల కూడా తిప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న మోగిన అలారం. అమ్మ మారిన కుర్చీ. కూతురు గుమ్మంకేసి చూసింది. తల్లి అక్కడ చేత్తో నోరు మూసుకుని నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు.

కూతురు ఆమెని పక్కకి లాక్కెళ్లింది. "ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాదిన్నర దాటింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఎవరికైనా చెబితే తనమీద ఒట్టే అన్నారు."

"కుడిచెవి బాగానే ఉందిగా! ఆ చెవికి పెట్టుకుని వినచ్చుగా!"

"నేనూ అదే అన్నానే. చెవి మారిస్తే చూసినవాళ్లు ఎందుకని అడుగుతారట. డాక్టరుకి చెవుడొచ్చిందంటే ఇంక ఈ గుమ్మానికి బండి ఎవరు తెస్తారన్నారు. ఎవరూ లేనప్పుడు కుడిచెవితోనే వింటారు. నిన్న నలుగురూ చుట్టూ నిలబడి చూస్తుంటే..." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కూతురు మళ్లీ షెడ్డులోకి వెళ్లింది. ఈసారి ఆయన కుడిపక్కకి.

"నాన్నా."

ఆయన తలెత్తాడు. కూతురి మొహం, గుమ్మంలో భార్య మొహం, నేలమీద స్పానరు ఒకటొకటిగా చూశాడు. ఆకురాయి కింద పెట్టేశాడు.

"నిన్న నాకు నిజంగానే ఏ చప్పుడూ వినపడలేదమ్మడూ," అన్నాడు. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. "వినపడకపోతే, లేదనేసుకున్నాను. సిగ్గు అంతపని చేయించింది. నీ నాలుగేళ్ల కష్టం అని కూడా చూడలేదు నేను."

ఆయన ఏడవడం ఆ పిల్ల పుట్టాక చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక, నూనె మరకల చేతిని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

తొమ్మిదింటికి వ్యాను వచ్చింది. డ్రైవరు తాళాలు వేలికి తిప్పుకుంటూ దిగాడు. "ఏం డాక్టరు గారూ, కాగితాలు రాసేసుకుందామా?"

"ఇంజను ఆపకు. పది నిమిషాలు తిరగనీ."

"మీరు నిన్న విన్నారుగా!"

"నిన్న వినలేదు. నాకు ఎడమ చెవి పనిచెయ్యదు." షెడ్డు బయట టీ తాగుతున్నవాళ్లకి కూడా వినపడేలా అన్నాడాయన. "చెప్పడానికి సిగ్గుపడ్డాను. నిన్న నేను చెప్పింది లెక్కలోకి రాదు."

ఎవరూ నవ్వలేదు. ఇంజను వేడెక్కాక ఆయన స్క్రూడ్రైవరు అందుకుని, తన చెవి దగ్గరికి పోనివ్వకుండా కూతురి చేతికిచ్చాడు.

"నాన్నా, నాకేం తెలుసు?"

"కొనేది నువ్వు, వినడం నీ వంతు. తెలుసుకోవడం నా వంతు. మొన ఇక్కడ ఆనించు. ఏముంది?"

"టిక్కుటిక్కుమంటోంది. కుట్టుమిషన్‌లా."

"అది వాల్వుల చప్పుడు, మంచిదే. ఇప్పుడు కిందకి జరుపు. ఇంకా కిందకి. ఆగు." ఆయన కుడిచెయ్యి తీగ లాగింది. ఇంజను హోరుమంది. "ఇప్పుడో?"

ఆ పిల్ల మొహం మారిపోయింది. "ఎవరో లోపలినుంచి పిడికిలితో తలుపు బాదుతున్నట్టుంది. నువ్వు లాగినకొద్దీ గట్టిగా బాదుతోంది."

ఆయన తీగ వదిలేశాడు. "కింద బేరింగే. బక్కోడు చెప్పింది అక్షరాలా నిజం." తల పంకించి, "మంచివాడికే నేర్పాను," అన్నాడు.

డ్రైవరు నీళ్లు నమిలాడు. "చిక్కటి నూనె పోస్తే తగ్గిపోతుందండీ..."

"పోసే తెచ్చావులే. చల్లగా ఉన్నంతసేపే దాక్కుంది."

"పోనీ, ధర తగ్గిస్తాను."

ఆయన కూతురికేసి చూశాడు. నిర్ణయం ఆమెదే అన్నట్టు చేతులు తుడుచుకున్నాడు.

"సగానికిచ్చినా వద్దులే అన్నా," అంది ఆ పిల్ల. "విప్పితే నెలరోజులు షెడ్డులో ఉంటుంది. నాకు ఒకటో తారీకు పొద్దున్న ఆరింటికి కావాలి."

వ్యాను వెళ్లిపోయింది. తండ్రీ కూతుళ్లు బక్కోడి గ్యారేజీకి బయల్దేరారు, వాడి ఎరుకలో ఇంకేదైనా బండి ఉందేమోనని. స్క్రూడ్రైవరు కూతురి చేతిలోనే ఉంది. ఆమె ఆయన కుడిపక్కకి వచ్చి నడుస్తోంది.

"ఇందాక షెడ్డులో నా పక్కన నిలబడి ఏదో అన్నావు. ఏమిటది?" అన్నాడాయన.

ఆమె అడుగు తడబడింది. "వినపడిందా?"

"లేదు. తిరిగేసరికి మీ అమ్మ మొహం చూశాను కదా. పెద్ద మాటే అని ఉంటావు."

"అన్నాను నాన్నా. చాలా పెద్ద మాట." ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీ మాట నమ్మడమే నేను చేసిన తప్పన్నాను."

 ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"సరే. ఇవాళ్టి నుంచి నీ చెవిని నేను నమ్ముతాను, నా మాటని నువ్వు నమ్ము. ఇద్దరం కలిస్తే ఒక డాక్టరు అవుతామేమో చూద్దాం."

ఆమె కళ్లు తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ఎడమవైపు నుంచి వచ్చే బండ్లని తనే చూసుకుంటూ.