లుంగీ ఒప్పందం

"పెద్ద దేశమంట, పెద్ద దేశం! నిరుడు మన లుంగీల మీద సుంకం తీసేసింది. ఈ ఏడు మూడింతలు వేసింది. ఎందుకయ్యా అంటే పాలసీ అంట!" వేలూరులో గూఢచారి శాఖ చీఫ్ శేషాద్రి సిగరెట్టు నలిపి పారేశాడు.

ఆంధ్ర వేరుపడిన మరుసటి ఏడు అది. పెద్ద దేశం బుద్ధికి నిలకడ లేదని తెలిసిపోయి, చుట్టుపక్కల మూడు చిన్న దేశాలు తెలివి తెచ్చుకున్నాయి. బియ్యం, రబ్బరు, టేకు ఇచ్చి మన లుంగీలు తీసుకోవడానికి వేలూరులో రహస్యంగా కూర్చున్నాయి. మధ్యాహ్నం సంతకాలు.

"వాళ్ళ ఆఖరి రేట్లు లీకైనాయి. గుడియాత్తం నుంచి వైర్‌లెస్‌లో పోబోతున్నాయి. అవి చేరితే పెద్ద దేశం ఒకరిని కొనేస్తుంది, మిగతా ఇద్దరూ జారుకుంటారు. మీ మేనత్త కుప్పమ్మ మగ్గం కూడా అటకెక్కుతుంది, రంగరాజులూ."

ఏజెంట్ రంగరాజులు లేచాడు. తనను చదివించింది ఆ మగ్గమే. బీడీ ఆకు బ్రోకర్ వేషం వేసి బస్సెక్కాడు.

గుడియాత్తం బస్టాండులో నల్ల కళ్ళద్దాలు, జార్జెట్ చీర, గుప్పుమనే సెంటు. పంకజమ్మ! శత్రుముఠాలో మన మనిషి. అలాగని జీతమైతే తీసుకుంటోంది.

"ఆకు తడిసిందా?" అన్నాడు.

"ఎండేసినాను నాయనా." కోడ్ సరిపోయింది. "ట్రాన్స్‌మిటర్ ఈడ లేదప్పా, తిరుపత్తూరులో ఉండాది. సీక్రం రా, కారు ఉండాది."

రంగరాజులు కదల్లేదు. వీధి చివర పెంకుటింట్లో మగ్గం టకటకలాడుతోంది.

"ఈ పొద్దు అమావాస్య కదమ్మా?"

"అయితే?"

"అమావాస్యనాడు ఈ ఊర్లో ఒక్కడూ మగ్గం ముట్టడు. ఆ ఇంట్లో నేసే మొనగాడు ఎవడు?"

పంకజమ్మ ముఖం పాలిపోయింది. చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. రంగరాజులు ఫౌంటెన్ పెన్ నొక్కాడు. గ్యాస్! ఆమె పిస్టల్ వదిలేసి దగ్గుతూ కూలబడింది.

పరుగున పోయి తలుపు తన్నాడు. పడుగు లేని ఉత్త మగ్గాన్ని ఒక అద్దె గూండా బాదుతున్నాడు, ఛీ! జనరేటర్ చప్పుడు బయటికి వినపడకుండా పెద్ద దేశం దొరలు వేసిన ఎత్తు. ఏం తెలివి! మూల హెడ్‌ఫోన్ దొర కాల్ సైన్ పంపేసి, మొదటి రేటుకు కీ మీద వేలు పెట్టాడు. రంగరాజులు మగ్గం మీది చెక్క నాడె లాగి విసిరాడు. ట్రాన్స్‌మిటర్ వాల్వు భళ్ళున పేలింది.

"ఈ పొద్దు సెలవు దొరా!"

మధ్యాహ్నం సంతకాలయ్యాయి. వారం తిరక్కుండా పెద్ద దేశం సుంకం ఎత్తేసి, చేనేతంటే తనకు మొదటి నుంచీ ప్రాణమని ప్రకటించింది. సిగ్గులేని జన్మ! లుంగీలు కావాలని రాయబారిని కూడా పంపింది.

ఏం చెప్పమంటావని రంగరాజులు మేనత్తనే అడిగాడు. కుప్పమ్మ నేత ఆపలేదు.

"పెద్దోళ్ళయితే నాకేమి నాయనా? ముందొచ్చినోళ్ళు ముగ్గురుండారు. వాళ్ళ వెనక నిలబడమను."