ఐదో తాళం

సబ్బుల ఫ్యాక్టరీలో పెద్ద మిక్సర్ ట్యాంకు కడిగే రోజు మాకు సగం సెలవు లాంటిది. మిషన్లు ఆగుతాయి, చెవులకి కాస్త విశ్రాంతి. లోపలికి దిగే ప్రతివాడూ స్విచ్చు పిడికి తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. పైకొచ్చాక ఎవరి తాళం వాళ్ళే తీయాలి. ఒక్క తాళం మిగిలినా స్విచ్చు లేవదు, లోపలి రెక్కలు తిరగవు.

ఆ మధ్యాహ్నం నలుగురు దిగారు. అందులో ఒకరు మా బావ, అక్క మొగుడు. షిఫ్టు సూపర్‌వైజర్ని కాబట్టి మనుషుల లెక్క నాది. మూడింటికి నలుగురూ పైకొచ్చారు, తాళాలు తీసుకున్నారు, చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

పిడికి ఇంకో తాళం వేలాడుతోంది.

మా షిఫ్టు వెల్డర్ పనే అనుకున్నాను. ఓసారి నా సైకిలుకి తాళం వేసి ఇంటిదాకా నడిపించిన ఘనుడు వాడు.

"ఒట్టు, నాది కాదన్నా," అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వు జాడే లేదు.

మావన్నీ కొత్త తాళాలు. ఇది తుప్పు పట్టి ఉంది. వెళ్ళి మేనేజరుకి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"కోసెయ్. ఆలస్యమైపోతోంది."

"ఎవరిదో తెలియకుండా ఎలా సార్?"

"అందరూ వచ్చారన్నావుగా. పోయినసారి కూడా ఇలాగే ఒకటి మిగిలితే కోయించి..." అని ఆగిపోయాడు.

"పోయినసారి అంటే?"

"నువ్వు చేరకముందులే."

నాకు అనుమానం పాలు ఎక్కువని మా ఆవిడ దెప్పుతుంటుంది. దెప్పనీ. కట్టర్ తెచ్చాను గానీ చెయ్యి ఆడలేదు. ముందు మనుషుల్ని మళ్ళీ లెక్కపెట్టాను.

ముగ్గురే ఉన్నారు. బావ లేడు.

ట్యాంకు నోటి దగ్గరికి పరిగెత్తాను. లోపల చీకటి... తడి సబ్బు వాసన... అడుగున ఎవరో గుసగుసలాడుతున్నారు.

"బావా?"

మాటలు ఆగాయి. కాసేపటికి తాడు నిచ్చెన మీద బావ తల కనిపించింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి పట్టి బయటికి లాగాను. ఆ తాళం కోసి స్విచ్చు ఎత్తి ఉంటే... మా అక్కకి ఏమని చెప్పేవాణ్ణి?

"తాళం వెయ్యకుండా మళ్ళీ ఎందుకు దిగావు?"

"నువ్వే పిలిచావుగా... లోపలినుంచి."

"నేను పిలవలేదు బావా."

బావ పిడికిలి విప్పాడు. తుప్పు పట్టిన తాళంచెవి ఉంది అందులో.

మేనేజరు ఎప్పుడొచ్చాడో, మా వెనకే నిలబడి ఉన్నాడు. "అది ఇటివ్వు," అన్నాడు మెల్లగా.

బావ పిడికిలి మూసేశాడు. "ఇప్పుడే తాళం తియ్యకండి సార్. లోపలున్నాయన నా వెనకాలే వస్తానన్నాడు."

టార్చి వేసి చూశాను. అడుగుదాకా ఖాళీ. ఎవరూ లేరు.

తాడు నిచ్చెన మాత్రం బిగుసుకుపోయి ఉంది. కింది మెట్టు వంగింది... తర్వాత దాని పై మెట్టు.