కండ్లు లేని సవతి బిళ్ళ

అన్యాయమైపోయింది అంకిత. రెండు వేల ఇరవై మూడు, జూలై పదహారు, ఆదివారం. శామీర్‌పేట చెరువు కట్ట మీద కాలు జారి నీళ్లలో పడి పోయిందని ఆమె మొగుడు మైసయ్య చెప్పాడు. పుట్టినప్పటి నుంచి ఆ కట్ట మీదే వలలు ఆరబెట్టిన మనిషికి కాలు జారుతుందా? ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. అనుకుని నోరు మూసుకున్నాం.

మేడ్చల్ బజార్లో నాది వెండి కొట్టు. రాళ్లు పొదగడం తాజుద్దీన్ ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. చేసిన ప్రతి పనినీ తేదీ వేసి నోటుబుక్కులో రాయడం కూడా ఆయన పెట్టిన అలవాటే.

మాఘం రాగానే మైసయ్య అంకిత మెట్టెలు, కడియాలు తెచ్చి నా ముందు పోశాడు.

"మళ్ళ లగ్గం జేసుకుంటున్న అక్కా. సవతి బిళ్ళ గావాలె."

మొదటి పెళ్ళాం పోతే రెండో ఆమె మెడలో కట్టేది సవతి బిళ్ళ. పోయినామె వెండే కరిగించి, ఆమె ముఖం చెక్కి, రాళ్లు పొదుగుతాం. ముత్తైదువగా పోయిందని నుదుట కెంపు. కొత్తామె కడుపు పండాలని చెవులకు పచ్చలు. కళ్లకు ఫిరోజాలు. ఒకప్పుడు ఇరాన్ నుంచి గోల్కొండకు వచ్చేదట ఆ నీలిరాయి. "ఫిరోజా అంటే నిగా, సూపు, బేటీ," అనేవాడు ఉస్తాద్. "గది లేకపోతే సచ్చినామెకు ఎవరు ఎవరో తెల్వది. తడుముకుంట తిరుగుతది."

"కండ్లు వెట్టకు," అన్నాడు మైసయ్య.

"గుడ్డిదాన్ని జేస్తవా?"

"బతికినన్ని దినాలు నన్ను సూసింది సాలదా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. కళ్ల చోట రెండు గుంటలు వదిలేసి ఇచ్చేశాను.

పెళ్లయిన పదిహేను రోజులకు, పొద్దుగూకే వేళ, కొత్త పెళ్ళాం శ్రీలేఖ వచ్చింది. ఇరవై ఏళ్లుండవు. కొంగు తీస్తే రెప్పల కింద గోటి గాట్లు.

"నిద్రల ఎవరో నా మొకం తడుముతాండ్రు అక్కా. సల్లటి చేతులు. ముక్కు తడుముతది, చెవులు తడుముతది. రాత్రి కండ్ల కాడ ఆగింది... గుంజింది."

"బిళ్ళ తీసెయ్యకపోయినవా?"

"తీస్తే గొంతు వట్టింది. ఇయ్యాల నా కండ్లు పోతయి అక్కా."

డబ్బాలోంచి రెండు ఫిరోజాలు తీశాను. ఆమె మెడలోంచి బిళ్ళ విప్పించి, దీపం మీద లక్క కాచాను. మొదటి రాయి కుదిరింది. అంతలో కరెంటు పోయింది.

దీపం ఒక్కటే. లక్క వాసన మెల్లగా తగ్గి నాచు వాసన వచ్చింది. నిలవ నీళ్ల వాసన. ఎక్కడో బొట్టు... బొట్టు...

నా చెంప మీద తడి వేలు ఆనింది.

శ్రీలేఖ గల్లాకు అవతల ఉంది. ఆమె చేతులు రెండూ గల్లా మీదే ఉన్నాయి.

వేలు నా ముక్కు దిగింది. పెదవి తాకింది. మళ్ళీ పైకి పాకి... రెప్ప మీద ఆగింది.

"నేను గాదు," గొణిగాను. "వాడు వెట్టొద్దన్నడు."

వేలు లోపలికి నొక్కింది. ఇంకా నొక్కింది. రెండో రాయిని గుంటలోకి అదిమాను.

వేలు తప్పుకుంది.

తెల్లారి మైసయ్య చెరువులో తేలాడు. ఒంటి మీద గాటు లేదు. కళ్లు మాత్రం లేవు. చేపలు తిన్నాయన్నారు. చేపలకు అంత ఏరుకుని తినే తెలివి ఎక్కడిదని నేను అడగలేదు.

మధ్యాహ్నం శ్రీలేఖ ఫోన్ చేసింది. మొగుడు పోయిన ఏడుపు లేదు ఆ గొంతులో.

"రాత్రి ఎవ్వరు తడుమలే అక్కా. గని నువ్వు వెట్టిన రాళ్లు... వెచ్చగున్నయి. మెత్తగున్నయి."

ఫోన్ పెట్టేసి రాళ్ల డబ్బా తెరిచాను. నేను పొదిగిన ఫిరోజాలు రెండూ అందులోనే ఉన్నాయి. వెనక నా లక్క అంటుకునే ఉంది. తడిగా.

నోటుబుక్కు తీశాను. నిన్న నా చేత్తో రాసిన వరుస ఉంది. శ్రీలేఖ బిళ్ళకు కళ్లు, 1-3-2024. దాని కింద, నీళ్లకు అలుక్కుపోయిన అక్షరాలతో, నాది కాని రాత:

రాళ్లు వాపసు. 2-3-2024.