ఆఖరి ఇంట్లో రాజుల పేర్లు

అమెరికాలో మా బాతెల్ ఊళ్ళో, మా వీధి చివరి ఇంటి వైపు చీకటి పడ్డాక ఎవరూ వాకింగ్‌కి వెళ్ళరు. చలికాలం ఇక్కడ నాలుగున్నరకే చీకటి. ఆఫీసులకి పోయేవాళ్ళు ఆ ఇంటిని పగటిపూట చూసిందే తక్కువ. అయినా భయానికేం, చూడనివాళ్ళకే ఎక్కువ!

అందులో వఖ్తాంగ్ అనే ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. జార్జియావాడు — అట్లాంటా ఉన్న జార్జియా కాదు, రష్యాకి దిగువనున్న దేశం. మాది రాజవంశం అనేవాడు. బాగ్రతియోనీలట. వెయ్యేళ్ళు ఏలారట, చివరికి రష్యా జార్ ఆ సింహాసనాన్ని మింగేశాడట. మనవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. నవ్వకుండా విన్నది పక్కింటి భానుమతిగారొక్కరే. ఆవిడా ఒంటరిదే. భర్త, డాక్టర్ అచ్యుతరావుగారు, పోయి చాలా ఏళ్ళయింది.

మొన్న వేసవిలో వఖ్తాంగ్ కూడా పోయాడు. ఇంటికి తాళం పడింది.

దసరా వెళ్ళాక భానుమతిగారికి వినిపించడం మొదలైంది. ఆ ఇంట్లోంచి ఎవరో ఒక పేరు పలుకుతారు... ఆగుతారు... మళ్ళీ ఇంకో పేరు...

కూతురు శ్రుతికి చెప్పింది. అదే పొరపాటయింది. శ్రుతికి దెయ్యమంటే భయం లేదు, అమ్మకి మతి తప్పుతోందని భయం. వృద్ధుల హోమ్ కూడా చూసేసింది.

"ఒక్కసారి వచ్చి వినవే," అని బతిమాలింది భానుమతిగారు. "నీకు వినపడకపోతే, నువ్వు చేర్చినచోటికే వస్తాను."

ఆ సాయంత్రం సంగతి శ్రుతే నాకు చెప్పింది.

సన్నగా వాన. ఇద్దరూ ఆ ఇంటి గేటు దగ్గర నిలబడ్డారు. ఎంతసేపటికీ ఏమీ లేదు... చెట్ల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప.

"అమ్మా... ఇనఫ్. కార్‌లో కూర్చో, ప్లీజ్."

భానుమతిగారు తల వంచుకుని కదిలింది. అప్పుడు —

"దవిత్..."

మగగొంతు. లోపల్నుంచి. శ్రుతి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తామర్..." మళ్ళీ నిశ్శబ్దం. "ఎరెక్లే..."

"అమ్మా... హూ ఈజ్ దట్?"

"నీకూ వినపడిందా?" భానుమతిగారు ఏడ్చేసింది. "అమ్మయ్య! దెయ్యమేనే తల్లీ! నా బుర్ర బాగానే ఉంది!"

దెయ్యమని తేలాక అంత సంతోషించిన మనిషి గురించి నేనెక్కడా వినలేదు.

కళ్ళు తుడుచుకుని ఆవిడ గుసగుసగా చెప్పింది — "వఖ్తాంగ్‌గారి రాజుల పేర్లే అవి. తామర్ ఆడదైనా రాజనే అనేవారట, మన రుద్రమదేవిలా. వైన్ గ్లాసెత్తి ఒక్కో రాజు పేరు చెప్తే పక్కవాళ్ళు జయం పలకాలట. పలికేవాళ్ళు లేకుండా తాగకూడదట. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ద్రాక్షరసం పట్టుకుని పలికేదాన్ని."

"హోమ్ వద్దు, ఏం వద్దు. ఇంటికి వెళ్దాం అమ్మా..."

శ్రుతి పరుగున వెళ్ళి కారు తలుపు తీసింది. తిరిగి చూస్తే — అమ్మ గేటు దాటి లోపలికి నడుస్తోంది.

"అమ్మా!"

"నువ్వు వెళ్ళవే. నన్ను చూడ్డానికి నీకు నెలకోసారి కుదురుతుంది. ఆయన రోజూ పిలుస్తున్నాడు."

ఆవిడ తలుపు తట్టనైనా లేదు. తాళం వేసిన ఆ తలుపు... లోపల్నుంచి తెరుచుకుంది.