కెప్టెన్ దిద్దిన పేరు

నలభయ్యో ఏట, ఇక్కడ బర్మాలోనే, పజుండౌంగ్ చర్చి రాత్రి బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడి పాత మిషన్ పుస్తకాల అట్టల లోపల అమెరికా సైనికాధికారుల సంతకాలుండేవి. వాటి వంపులు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ పిచ్చి పోలేదు. నూట యాభై ఏళ్ళ కిందటి కల్నళ్ళు, మేజర్లు పదకొండు మంది ఇప్పుడు నా ఆల్బంలో ఉన్నారు.

పన్నెండోది మొన్న ఇన్సేన్ పేటలో పాత కాగితాల కొట్లో దొరికింది. ఒక కెప్టెన్‌ది. యుద్ధంలో కుడి చెయ్యి పోతే, ఎడమ చేత్తో మళ్ళీ అక్షరాలు దిద్దుకున్నాడని కొట్టు యజమాని టోనీ చెప్పాడు.

"మళ్ళీ చచ్చినోళ్ళ సంతకాలేనా?" అంది మా ఆవిడ నవోమి. మర్నాడు ఆమె కంటికి ఆపరేషన్. "రేపు ఆస్పత్రి కాగితం మీద వేలిముద్ర ఎయ్యి, చాలు."

"వేలిముద్రా? అహరోను సంతకమే పెడతాడు."

"నీ మొండితనానికి ఆపరేషన్ లేదేటి!" అంటూ వంటింట్లోకి పోయింది.

వాన పట్టింది. కరెంటు పోయింది. సాయంత్రమే చీకటయింది. కెప్టెన్ సంతకం బాగా మసకబారింది. సేకరించేవాడు చెయ్యకూడని పని చేశాను. కలం సిరాలో ముంచి, రాత్రి బడిలోలా ఆ గీతల మీదే దిద్దాను.

తడిసిన ఉన్ని వాసన. గుర్రపు చెమట వాసన...

కలం కింద పెట్టాను. కాగితం మీద గీకుడు చప్పుడు మాత్రం ఆగలేదు.

"నవోమీ... నువ్వేనా?"

"ఏటి?" వంటింట్లోంచి పలికింది.

బల్ల మీద... గీకుతూనే ఉంది.

కొవ్వొత్తి వెలిగించాను. కెప్టెన్ సంతకం కింద వంకర తెలుగు అక్షరాలు. అహరోను. దాని కింద మళ్ళీ, కాస్త కుదురుగా. మూడోది... అచ్చం నా చేతిరాత.

ఆల్బం మూసి తాడుతో కట్టేశాను. నవోమికి చెప్పలేదు.

పొద్దున్న ఆస్పత్రిలో నవోమిని లోపలికి తీసుకెళ్ళారు. నేను కలం తీశాను. నర్సు నవ్వి, బర్మా మర్యాదతో పేరుకి ముందు 'ఊ' చేర్చి పిలిచింది.

"మళ్ళీ ఎందుకు, ఊ అహరోను? రెండు కాగితాల మీదా సంతకాలున్నాయిగా."

రెండింటి మీదా నా పేరే. తెలుగులో. సిరా ఇంకా తడిగా ఉంది.

బర్మా అక్షరాలు నాకు రావు. "ఒకటి ఆపరేషన్‌ది. రెండోది?"

ఆమె చదివింది. నవ్వు పోయింది.

"ఇది ఇందులోకి ఎలా వచ్చిందో... శవాన్ని అప్పగించే కాగితం."

"ఎవరిది?" అన్నాను, గుసగుసగా.

పోయిన మనిషి పేరు రాసే చోటు... ఖాళీగా ఉంది.