వెనక్కి తిప్పిన తేదీ

హఫీజ్‌పేట్ స్టేషన్ దాటాక పట్టాల పక్కన శవం దొరికింది. జేబులో ఫోను లేదు, ఐడీ కార్డు లేదు. షర్టు గుండీలు మాత్రం మెడ దాకా పెట్టి ఉన్నాయి.

"శ్యామ్ ఎప్పుడూ పై గుండీ పెట్టుకోడు సార్," అన్నాడు గిరీష్.

"తెలుసండి. ఎవరో పెట్టారు." రాయదుర్గం రాళ్ల వెనక ఆపిన కారులో రామబ్రహ్మం ముందుకే చూస్తున్నాడు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. "అతని పని ఇక మీదే."

కొత్తగూడలోని ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో గిరీష్ ఏడాదిగా టెస్టర్ వేషంలో ఉన్నాడు. అక్కడ తయారయ్యేది 'సఫా'. చెత్త ఫైళ్లు ఊడ్చి, మొరాయించే పీసీని పరిగెత్తించే ఉచిత సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్లు ఫోరమ్‌లలో ఒకరికొకరు చెప్పుకుని లక్షల ఇళ్లలోకి ఎక్కించారు. దాన్ని ఓ విదేశీ ముఠా నిశ్శబ్దంగా కొనేసింది.

"రేపు పన్నెండింటికి అప్‌డేట్ విడుదలవుతుంది. అది దిగిన ప్రతి పీసీ నుంచీ, సొంతదారు పేరు మీదే, తెలిసినవాళ్లందరికీ మెయిల్ వెళ్తుంది. మనవాళ్లని రోడ్డు మీద చంపేశారని తెలంగాణ వాళ్లకి. మీ ఇళ్లు తగలబెట్టడానికి వస్తున్నారని ఆంధ్రా వాళ్లకి. దొంగ ఫోటోలతో సహా. ముక్కూమొహం తెలియనివాడు రాస్తే నమ్మరండి. సొంత తమ్ముడు రాస్తే?"

"ప్లగ్ పీకేస్తే?"

"విదేశంలో జంట మెషిన్ ఉంది. ఇది ఆగిందంటే అది పంపేస్తుంది." రామబ్రహ్మం లిప్‌స్టిక్ లాంటిది చేతిలో పెట్టాడు. మూత తీస్తే పెన్ డ్రైవ్. "ఇందులో ప్రోగ్రామ్ అప్‌డేట్ ఫైలును మార్చేస్తుంది. దేవిశ్రీ గారి కోసం చేయించాం. కానీ శ్యామ్ ఆ రైలెక్కుతున్నాడని తెలిసింది ఆవిడకొక్కదానికేనండి."

అదే ఆఫీసులో పనిచేసే దేవిశ్రీ, ఇటు డిపార్ట్‌మెంట్, అటు ముఠా, ఇద్దరి దగ్గరా జీతం తీసుకునే మనిషి. పట్టుచీర కట్టినంత తేలిగ్గా అబద్ధం కట్టేది. మొదటిసారి పరిచయమైన రోజున గిరీష్ ల్యాప్‌టాప్‌లో ఫోటోలు దిద్దే ట్రయల్ సాఫ్ట్‌వేర్ గడువు తీరిపోతే, సిస్టమ్ తేదీ వెనక్కి తిప్పి మళ్లీ నడిపించింది. "కంప్యూటర్ నమ్మేస్తుంది, పాపం. మనుషులతోనే కష్టమండి," అని నవ్వింది. ఆ నవ్వులో ఏ భాగం తనదో, ఏ భాగం ఉద్యోగానిదో గిరీష్ ఇప్పటికీ తేల్చుకోలేదు.

మర్నాడు ఆదివారం. బంద్‌లకు పోయిన రోజుల బదులు ఆఫీసులు సెలవు రోజుల్లో పనిచేస్తున్నాయి. అదే రోజు తెలంగాణ ఉద్యమం వాళ్ల వంటా వార్పు, రోడ్డు మీదే వండి వడ్డించే నిరసన. కొత్తగూడ చౌరస్తా నడిమధ్య రాళ్ల పొయ్యిలు, డేగిసాలు, జెండాలు. గిరీష్ క్యాబ్ దిగి నడిచాడు. గరిటె పట్టుకున్న ఓ పెద్దామె దారికి అడ్డం నిలబడింది.

"తిని పో బిడ్డా."

"డ్యూటీ ఉందమ్మా, టైమైతంది."

"ఏంది డ్యూటీ? ఇయ్యాల ఈడికెల్లి ఎవ్వల్ని తినకుండ పోనియ్యం." విస్తరి చేతిలో పెట్టేసింది. "ఏ ఊరు?"

ఏడాదిగా మెదక్ అనే చెబుతున్నాడు. అంత అన్నం చేతిలో పెట్టిన మనిషికి అబద్ధం నోట రాలేదు. "కడప."

చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పారు. ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది. "అయితె కారం మస్తు తింటవు," అని ఇంకో గరిటె పచ్చడి వేసింది.

ఇలాంటివాళ్లని ఎవరో చంపారని ఇంకాసేపట్లో లక్షల మెయిళ్లు చెబుతాయి. నాలుగు ముద్దల్లో తినేసి ఆఫీసు వైపు నడిచాడు.

సర్వర్ గదిలోకి చేరేసరికి పన్నెండుకు రెండు నిమిషాలుంది. పెన్ డ్రైవ్ పెట్టాడు. తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంది: 'ట్రయల్ గడువు ముగిసింది.'

డిపార్ట్‌మెంట్ ఆయుధాన్ని డబ్బిచ్చి కొనని ట్రయల్ సాఫ్ట్‌వేర్ మీద కట్టారు!

అప్పుడు చెయ్యి తనంతట తనే గడియారం మీదికి వెళ్లింది. తేదీ ఒక ఏడాది వెనక్కి తిప్పాడు. మెషిన్ నమ్మేసింది. ఆగలేదు కాబట్టి జంట మెషిన్‌కి అనుమానం రాలేదు. ఈ మెషిన్ లెక్కలో అప్‌డేట్ వెళ్లాల్సిన పన్నెండు ఇంకా ఏడాది దూరంలో ఉంది. ప్రోగ్రామ్ కదిలింది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతోంది.

తలుపు తెరుచుకుంది. దేవిశ్రీ, ఆమె వెనక ముఠా తరఫున ఆఫీసు నడిపే మేనేజర్ సందీప్. అతను ఏ ప్రాంతం వాడో మాటను బట్టి ఎవరూ పట్టలేరు.

"పన్నెండు దాటింది. రిలీజ్ ఎందుకవలేదు?" సైలెన్సర్ బిగించిన సందీప్ పిస్టల్ గిరీష్ వైపు తిరిగింది.

దేవిశ్రీ తెర చూసింది. మూలనున్న తేదీ చూసింది. తర్వాత గిరీష్‌ని చూసింది. గడియారం సరిచేయడానికి ఆమెకు ఒక్క క్షణం చాలు. ఆమె తెరకు అడ్డంగా నిలబడింది.

"సర్వర్ స్లోగా ఉందండి. ఒక్క నిమిషం ఆగండి."

"పక్కకు జరుగు."

"ఒక్క నిమిషం అన్నానుగా."

"శ్యామ్ ఫోన్ ట్యాప్ చేసి వాణ్ణి పట్టుకున్నాం. నిన్ను మాత్రం నమ్మాను," అన్నాడు సందీప్, నిజంగానే నొచ్చుకున్నట్టు.

గిరీష్ దూకితే ఆమె బతికేదేమో. అతని ఒక చెయ్యి వదులుగా ఉన్న పెన్ డ్రైవ్‌ని అదిమి పట్టి ఉంది. అది కదిలితే గీత ఆగిపోతుంది. చౌరస్తాలో వంట పొగ వాసన అతని వేళ్లకి ఇంకా ఉంది. చెయ్యి కదల్లేదు.

చిన్న చప్పుడు. ఆమె కీబోర్డు పక్కగా జారింది. గీత చివరికి చేరింది. అప్పుడు దూకాడు గిరీష్. రామబ్రహ్మం మనుషులు తలుపు బద్దలుకొట్టి వచ్చేసరికి సందీప్ కింద ఉన్నాడు, గిరీష్ వాడి మీద కొడుతూనే ఉన్నాడు.

కింద చౌరస్తాలో రెండో బంతి వడ్డిస్తున్నారు. ఎవరికీ ఏ మెయిలూ రాలేదు.

రామబ్రహ్మం మెషిన్ ముందు నిలబడ్డాడు. "తేదీ తప్పు చూపిస్తోందేంటండి?"

ఆ తేదీకి శ్యామ్ బతికున్నాడు. దేవిశ్రీ తనకింకా పరిచయం కాలేదు. "అలాగే ఉంచండి సార్," అన్నాడు గిరీష్. పెన్ డ్రైవ్ పీకి ఆయన చేతిలో పెట్టాడు. "దీని సాఫ్ట్‌వేర్ ఎందుకు కొనలేదు?"

రామబ్రహ్మం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఫైలు పెట్టామండి. అత్యవసరం కాదని తిప్పి పంపారు."