బియ్యం డ్రమ్ము వెనక సీసాలు

ఆ సోమవారం పొద్దున పద్మమ్మ ఎప్పటిలాగే ఐదున్నరకు లేచింది. మొహం కడుక్కుని, మంచం పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది. కూతురు జెన్నీ ఎక్కే క్యాబ్‌కు ఏమీ కావొద్దు, సిలిండర్ లీకు కావొద్దు, తను కూరగాయలు కోసే కాలేజీ హాస్టల్ మెస్సులో కత్తి వేలికి తగలొద్దు, పక్కింటోళ్ల గోడ వానకు ఇటువైపు పడొద్దు. అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా మెల్లగా, ఒక మాట. మొగుడు సాముయేలు మళ్లీ తాగొద్దు. ఐదేళ్లుగా ఆ మాట చెప్పకుండా ఆమె ఆమెన్ అన్నది లేదు.

చాయ్ పొయ్యి మీద పెట్టి చీపురు పట్టుకుంటే వంటింటి మూల నుంచి చీమల బారు కనిపించింది. బియ్యంలోకి పోతాయేమోనని డ్రమ్మును పక్కకు జరిపింది. వెనక గోడకు ఆనించి ఒక గోనెసంచి ఉంది. తను పెట్టింది కాదు. మూతి విప్పి చూసింది.

మూడు సీసాలు. ఒకటి లావుగా, ముదురాకుపచ్చగా, మెడకు బంగారు రంగు కాగితంతో. రెండు సన్నగా, పొడుగ్గా. మూడింటి నిండా నీళ్లలా ఏదో ఉంది. పైన బిరడాలు బిగించి ఉన్నాయి.

పద్మమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. చాయ్ పొంగి పొయ్యి మీద పడ్డా లేవలేదు.

సాముయేలు అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్‌కు వాచ్‌మన్. శని, ఆదివారాలు అక్కడ పట్నం వాళ్ల పార్టీలు జరుగుతాయి. వాళ్లు వెళ్లిపోయాక సీసాల్లో మిగిలింది పారబోసి, తోట శుభ్రం చేయడం వాచ్‌మన్ పని. ఒకప్పుడు సాముయేలు పారబోసేవాడు కాదు. అలా అడుగూ బొడుగూ తాగీ తాగీ, చివరికి కళ్లు పచ్చబడి, చేవెళ్ల దవాఖానలో పదకొండు రోజులు పడుకున్నాడు. ఇంకొక్క చుక్క పడితే మనిషి దక్కడని డాక్టరు పద్మమ్మతోనే చెప్పాడు. ఆ రోజు నుంచి సాముయేలు ముట్టలేదు. పద్మమ్మ ఫాంహౌస్ దాకా వెళ్లి, సీసాలు ఎత్తే పని తోటమాలి స్వామిదాసుకు అప్పజెప్పించి వచ్చింది. అయినా రోజూ పొద్దున డ్యూటీ నుంచి వచ్చిన మొగుడి దగ్గరికి, టిఫిన్ డబ్బా అందుకునే సాకుతో వెళ్లి, ఊపిరి వాసన చూస్తుంది.

చేవెళ్లలో ఉన్న ఆడబిడ్డకు ఫోన్ చేసింది.

"ఎస్తేరూ, మీ అన్న మళ్ల మొదలువెట్టిండు" అంది గొంతు తగ్గించి. జెన్నీ లోపలి గదిలో నిద్రపోతోంది. నిన్న రెండో షిఫ్టు చేసి వచ్చింది.

"ఎవరు చెప్పిన్రు వదినా?"

"ఎవరు చెప్పుడేంది, బియ్యం డ్రమ్ము వెనక దొరికినయ్. మూడు సీసాలు."

"ఖాళీవా?"

"నిండ ఉన్నయ్. తెల్లగ, నీళ్ల లెక్క. గట్ల కూడ ఒక మందు ఉంటదట గద."

"మూత తీసి వాసన చూడరాదు."

"నేను చూడ. అది ముట్టిన చేత్తోని ఆదివారం గుడిల ప్రభువు రొట్టె ఎట్ల పట్టుకుంట?"

"ఆదివారానికి ఇంక ఆరు దినాలున్నయ్ వదినా" అంది ఎస్తేరు. నవ్వాలో ఏడవాలో తెలియని గొంతు. "ఆగు, ఆగమాగం గాకు. నేను బస్సెక్కి వస్తున్న. అన్నను ఏమనకు."

ఏమీ అనకుండా ఉండడం పద్మమ్మ వల్ల అయ్యే పని కాదు. ఎనిమిది గంటలకు సాముయేలు మోపెడ్ దిగి, ఫాంహౌస్ తోటలో కోసిన కరివేపాకు కట్టతో లోపలికి వచ్చేసరికి మూడు సీసాలూ స్టూలు మీద వరసగా నిలబడి ఉన్నాయి. పద్మమ్మ టిఫిన్ డబ్బా కోసం చెయ్యి చాచింది. దగ్గరగా వెళ్లింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. సబ్బు ఎందుకు? డ్యూటీలో స్నానం చేసే అవసరం ఏమొచ్చింది?

"ఇవి ఏంది?" అంది.

సాముయేలు సీసాలను చూశాడు. తర్వాత లోపలి గది తలుపు వైపు చూశాడు. కరివేపాకు కట్ట కిటికీలో పెట్టాడు.

"నేనే తెచ్చిన."

"యాడికెళ్లి?"

"ఫాంహౌస్ కెళ్లి."

"ఎన్ని దినాల సంది తెస్తున్నవు?"

"రెండు నెలలాయె."

రెండు నెలలు. ఆ రెండు నెలల్లో మూడు సార్లు గుడిలో సాక్ష్యం చెప్పుకుంది పద్మమ్మ, నా ఇల్లు నిలబడ్డది అని. పక్క వరసలో కూర్చున్న సాముయేలు తల వంచుకుని విన్నాడు.

"తాగలే పద్మా" అన్నాడు అతను.

"తాగనోనికి సీసాలెందుకు?"

"అదొక్కటి నన్నడగకు."

"అడగక? ఎవరినడగాలె, నిన్ను గాక? పదకొండు దినాలు నీ మంచం కింద చాప ఏసుకోని పన్నది ఎవరు? నీ పచ్చటి కండ్లు చూసి ఆ పిల్ల బడి మానేసి ఏడిస్తె ఊకోబెట్టింది ఎవరు? నడువు, ఇప్పుడే చేవెళ్లకు పోదాం. డాక్టరు ముంగట చెప్పు తాగలేదని."

ఆమె అప్పుడే సంచి తీసింది. తువ్వాల, రెండు లుంగీలు, స్టీలు గ్లాసు, దుప్పటి ఒక్కొక్కటీ లోపల కుక్కుతోంది. సాముయేలు అడ్డం చెప్పలేదు. విప్పిన చెప్పులు మళ్లీ వేసుకున్నాడు.

"పోదాం అంటె పోదాం. సూది గుచ్చి నెత్తురు చూసినా ఫికర్ లేదు నాకు" అన్నాడు. "జర చాయ్ తాగనియ్యి ముందుగాల."

ఆ నిదానం పద్మమ్మను ఇంకా భయపెట్టింది. తప్పు చేసినవాడు అరుస్తాడు, బుకాయిస్తాడు. ఇతను గొర్రెపిల్లలా వస్తానంటున్నాడంటే ఏదో చేయి దాటిపోయిందన్నమాట. ఆమె కళ్లకు అప్పుడే దవాఖాన మంచం కనిపించింది, ఆ తర్వాత ఇంకేదేదో కనిపించబోతే కళ్లు గట్టిగా మూసుకుంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. జెన్నీ చెదిరిన జుట్టుతో గుమ్మంలో నిలబడింది. స్టూలు మీది సీసాలను, తల్లి చేతిలోని సంచిని, తండ్రి కాళ్లకున్న చెప్పులను చూసింది.

"అమ్మా, అవి నావి" అంది.

"నువ్వు పండుకో బిడ్డా" అన్నాడు సాముయేలు గబుక్కున.

"పండుకోను బాపు. నువ్వు దవాఖానకు పోతవా నా కోసం? పిచ్చా నీకు?" జెన్నీ వచ్చి తల్లి చేతిలోని సంచి లాక్కుంది. "నేనే తెమ్మన్న. నేనే చెప్పొద్దన్న."

మొగుడి మీద ఐదేళ్లుగా కాపలా కాసిన భయం ఒక్కసారిగా వెనక్కి తిరిగి కూతురి మీద పడింది. "నువ్వు తాగుతున్నవానే?"

"తాగుడు గాదమ్మా. పోసుడు."

జెన్నీ శంషాబాద్ ఎయిర్‌పోర్టు లాంజ్‌లో పని చేస్తోంది. విమానం కోసం ఎదురుచూసే వాళ్లు కూర్చుని తినే చోటు. ఇడ్లీ, ఉప్మా కౌంటర్‌లో ఉంటానని తల్లికి చెప్పింది, నాలుగు నెలలు అక్కడే ఉంది కూడా. రెండు నెలల కిందట అక్కడ పని నేర్పే క్రాంతి కుమార్ సార్ ఆమెను వైన్ కౌంటర్‌కు ఎంచుకున్నాడు. షాంపేన్, వైన్ ఎలా తెరవాలో, ఎలా పోయాలో నేర్పిస్తారు. బుధవారం పరీక్ష. పాసైతే ఆ కౌంటర్ ఆమెది, ఆ తర్వాత విమానంలో ఉద్యోగానికి కూడా దారి దొరుకుతుంది.

"లాంజ్‌ల సీసాలు నేర్చుకునేతందుకు ముట్టనియ్యరు, ఒక్కోటి వేలల్ల ఉంటది. చెయ్యి తిరగాలంటె ఇంట్ల చేసుకోవాలె" అంది జెన్నీ. "బాపును ఖాళీ సీసాలు అడిగిన. నీకు చెప్తె ఉద్యోగమే మానిపిస్తవని చెప్పలే."

"మరి లోపల ఉన్నదేంది?"

జెన్నీ లావు సీసా అందుకుంది. ఒక గుడ్డ చుట్టి, బిరడాను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో సీసాను మెల్లగా తిప్పింది. చప్పుడు కాలేదు. "ఢాం అనిపిస్తె మార్కులు పోతయ్" అంది. స్టీలు గ్లాసులో పోసి, చివర మణికట్టును కొద్దిగా తిప్పి ఒక్క బొట్టు కింద పడకుండా సీసా పైకెత్తింది. గ్లాసు తల్లికి అందించింది.

పద్మమ్మ ముక్కుకు దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. నాలుక కొస తగిలించింది.

"బోరు నీళ్లు" అంది.

"బోరు నీళ్లే."

ఒక పెద్ద బండ గుండె మీది నుంచి పక్కకు దొర్లినట్టయింది పద్మమ్మకు. కానీ ఆమె భయానికి ఎప్పుడూ ఇంకో కొస ఉంటుంది. "ఇక్కడ నీళ్లే. అక్కడ మందే గద. దినాం పోసే చేతులు ఊకుంటయా? మీ బాపు గూడ మిగిలింది పారబోద్దామనే పోయిండు."

ఆ మాటకు సాముయేలు తల దించుకున్నాడు. జెన్నీ ముఖం ఎర్రబడింది.

"అమ్మా, మేము తాగొద్దు. రుచి తెలవాలని సార్ నోట్ల పోయించినా వెంటనే ఊంచేయాలె, పక్కనే బకెట్ ఉంటది. ఇంకోటి చెప్తా ఇను. ఎక్కువైనోళ్లకు పోయొద్దు, అది గూడ మా పనే. ఎక్కువైందని ఎట్ల గుర్తుపడ్తరు అని సార్ అడిగిండు. పది మందిమి ఉంటిమి. తూలుతరు, ఒర్రుతరు అన్నరు అందరు. నేను చెప్పిన, తూలకముందే తెలుస్తది సార్, గ్లాసు రెండు చేతుల్తోని పట్టుకుంటడు, ఊకూకె థాంక్స్ చెప్తడు అని. గప్పుడు లేదు, కాదు అనొద్దు సార్, నీళ్లు తెచ్చి పెట్టి, ఏ ఊరు పోతున్నరు, ఇంటికాడ ఎవరుంటరు అని అడగాలె అన్న. సార్ అందరి ముంగట చప్పట్లు కొట్టిండు. ఎవరు చెప్పిన్రు నీకు గిది అని అడిగిండు."

"ఎవరు చెప్పిన్రు?" అంది పద్మమ్మ, తెలిసీ.

"బాపు. నన్ను ఎవరన్న గట్ల అడిగుంటే బాగుండు బిడ్డా అన్నడు."

పద్మమ్మ మొగుడి వైపు తిరిగింది. అడగాల్సింది ఒకటే మిగిలింది.

"సీసాలు ఖాళీవి దొరుకుతయా అక్కడ?"

"దొరకయ్" అన్నాడు సాముయేలు. "సగం, పావు ఉంటయ్. పారబోసి కడుగుత."

"నువ్వే?"

"నేనే. స్వామిదాసుకు చెప్పిన, ఆదివారం సీసాలు నేను చూసుకుంటనని. మోరీల గుమ్మరిస్త. సబ్బుతోని మూడు సార్లు కడుగుత."

"వాసన రాదా నీకు?"

"ఎందుకు రాదు. మొదటి వారం చేతులు గిట్ల వణికినయ్" అని చూపించాడు. "సీసా కింద పెట్టి, గేటు దాక పోయి నిలబడ్డ. మళ్ల వచ్చిన. పిల్ల అడిగింది గద, నా బిడ్డ నన్ను నమ్మి అడిగింది గద అనుకున్న. మూడో వారానికి వణకలే."

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్తె నువ్వు పండుతువా?" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. "దినాం పొద్దుగాల నువ్వు నా మూతి కాడికి వచ్చి వాసన చూస్తవు. నాకు తెల్వదనుకున్నవా? చూడనీ, దానికి మనసు నిమ్మళమైతది అనుకున్న."

పద్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐదేళ్లుగా తన కాపలా వల్లే ఈ మనిషి నిలబడ్డాడని ఆమె నమ్మకం. తను లేని చోట, ఎవరూ చూడని చోట, చేతిలో సగం నిండిన సీసా పట్టుకుని అతను ఎనిమిది ఆదివారాలు నిలబడ్డాడు. తనకు తెలిసి ఉంటే ఒక్క ఆదివారం కూడా నిలబడనిచ్చేది కాదు. పైగా ఈ పొద్దున, కూతురి మాట దాటకూడదని, తాగుబోతు అనిపించుకుని దవాఖానకు బయలుదేరాడు.

ఏడుపు ఆగలేదు. జెన్నీ వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. సాముయేలు ఏం చేయాలో తెలియక పొంగిపోయిన చాయ్ గిన్నె కడిగి, కొత్తగా చాయ్ పెట్టాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఎస్తేరు. "వదినా, బస్సు కదిలింది. అన్న పారిపోకుంట తలుపు గొళ్లెం పెట్టు."

"పెట్ట" అంది పద్మమ్మ ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు రా. మీ అన్న చాయ్ పెడ్తుండు, తాగి పోదువు."

"తాగినోడు చాయ్ పెడ్తుండా?" అని అడిగింది ఎస్తేరు. జెన్నీ పగలబడి నవ్వింది. సాముయేలు కూడా నవ్వాడు, గిన్నె వైపు తిరిగి.

చాయ్ తాగుతూ పద్మమ్మ గొంతు సవరించుకుంది. "వచ్చే ఆదివారం గుడి కాంగనే నేను గూడ వస్త ఫాంహౌస్‌కు. ఇద్దరం కల్సి కడుగుదాం సీసాలు."

సాముయేలు గ్లాసు కింద పెట్టాడు. "వద్దు పద్మా. నేనొక్కన్నే కడుగుత."

ఎందుకు అని ఆమె నాలుక మీదికి వచ్చింది. మొగుడి ముఖం చూసింది. అక్కడ దాచేది ఏమీ లేదు, వేడుకునేది ఒకటి ఉంది.

"సరే" అంది.

తొమ్మిదిన్నరకు మెస్సుకు బయలుదేరింది. బస్టాండు దాటి కాలేజీ రోడ్డు ఎక్కేదాకా ఆమె మనసులో ఏ భయమూ లేదు. కాళ్లు తేలిగ్గా పడుతున్నాయి. ఇంత ఖాళీగా ఉండడం అలవాటు లేక కాస్త కంగారుగా కూడా ఉంది. మెస్సు గేటు దగ్గర ఆగి కూతురికి ఫోన్ చేసింది.

"జెన్నీ, ఆ లాంజ్ గ్లాసులు అద్దాలవేనానే?"

"అవునమ్మా."

"చెయ్యి జారితే?"

"జారదమ్మా."

"జర చెమట తుడ్సుకో పట్టుకునే ముందుగాల" అని చెప్పి, కొంగు నడుముకు దోపుకుని లోపలికి నడిచింది పద్మమ్మ.